పేరు లేని ఏడు కటింగులు

ఆ రోజుల్లో మా జిల్లా దక్షిణపు కొసన పత్రికలో పేరు పడాలంటే ఎన్నికల్లో నిలబడాలి, లేదంటే బావిలో పడాలి. ఈ రెండూ చేతగాని మామూలు మనుషులు శుభలేఖ మీద తప్ప తమ పేరు అచ్చులో చూసుకోకుండానే కాలం వెళ్లదీసేవాళ్లు. అలాంటి కాలంలో, మీసం కూడా సరిగ్గా రాని నాకు వారంవారం పేరు పడే యోగం పట్టింది. ఆ యోగాన్ని నేను ఏం చేసుకున్నానో తలుచుకుంటే ఇప్పటికీ మనసు బరువెక్కుతుంది. నవ్వొచ్చే భాగం కూడా ఉంది. ముందు అదే చెప్తాను, ఎందుకంటే మిగిలింది చెప్పడానికి నేను కొంచెం ధైర్యం కూడగట్టుకోవాలి.

మాది ముదిగుబ్బ దగ్గర పల్లె. చెనక్కాయ చేలు, గొర్రెలు తప్ప నాయనకు మరో లోకం తెలియదు. అరవైల చివర్లో నన్ను హిందూపురం కాలేజీలో పి.యు.సి.లో చేర్పించి, హాస్టల్లో నా రేకుపెట్టె దింపి, "బుద్ధిగా చదువుకోరా, ఆటల్లో పడొద్దు" అని చెప్పి బస్సెక్కాడు. నాకు ఆటల్లో పడాలని ఎంత ఉన్నా, ఆటలు నన్ను దగ్గరికి రానివ్వలేదు. అప్పట్లో మా వైపు ఆటంటే బాల్ బ్యాడ్మింటన్. పసుపుపచ్చని ఉన్ని బంతి, చేతిలో బ్యాటు, ఎర్రమట్టి మీద సున్నపు గీతలు, జట్టుకు ఐదుగురు, ముందుగా ఇరవై తొమ్మిది పాయింట్లు ఎవరికొస్తే వాళ్లది గేము. ఆరుబయట ఆడే ఆట కాబట్టి గాలి ఏ వైపు వీస్తోందో చూసుకుని మరీ కొట్టాలి. మా డ్రిల్ సారు (ఆయన్ని ఫిజికల్ డైరెక్టర్ అనాలని ప్రిన్సిపాల్ ఎన్నిసార్లు చెప్పినా మాకు నోరు తిరిగేది కాదు) ఒక సాయంత్రం నన్ను కోర్టులో నిలబెట్టి చూశాడు. రెండు బంతులు నా పక్కనుంచే పోయాయి, మూడోది నా నెత్తిన పడింది. "నువ్వు బంతికన్నా తేలిగ్గా ఉండావబ్బా. గట్టిగా గాలొస్తే నిన్ను ఎతుక్కోవాల్సొస్తాది. పోయి స్కోరు రాయి" అన్నాడు. అలా నా చేతికి బ్యాటు బదులు పెన్సిలు వచ్చింది.

హిందూపురంలో బెల్లం మండీల వెనక సందులో ఒక చిన్న ప్రెస్సు ఉండేది. కాలితో తొక్కే మిషను మీద శుభలేఖలు, కరపత్రాలు అచ్చేసుకుంటూ, తీరిక దొరికిన వారం నాలుగు పేజీల పత్రిక కూడా తీసేవాళ్లు. ప్రెస్సు ఓనరే దానికి సంపాదకుడు. ఊరంతా ఆయన్ని పత్రికాయన అనేది. డ్రిల్ సారుకు ఆయన స్నేహితుడు. "మా కాలేజీ ఆటల సంగతులు ఈ పిల్లోడు రాసిస్తాడు, ఒక మూలన ఏసుకో" అని నన్ను అప్పగించాడు. నేను మొదటి వార్త ఎంతో నిజాయితీగా రాసుకుపోయాను. ఎవరు ఆడారు, ఎక్కడ ఆడారు, స్కోరెంత, అన్నీ ఉన్నాయి. రెండు జట్ల పదిమంది పేర్లూ ఇంటిపేర్లతో సహా ఉన్నాయి. పత్రికాయన దాన్ని నాలుగు లైన్లకు కోసి, వేరుశనగ ధరల కింద వేశాడు. ఆటగాళ్ల పేర్లు పోయాయి, నా పేరు ముందే లేదు. ఆ నాలుగు లైన్ల వైపు చూస్తూ హాస్టల్లో నేను అన్నం మానేశాను. (ఆ రోజు హాస్టల్ అన్నం ఎలాగూ తినేలా లేదనుకోండి.)

రెండో వార్తకు నేను పంతం పట్టాను. పెనుకొండలో జరిగిన పోటీని కోట గోడల వెనక వాలే పొద్దుతో మొదలుపెట్టాను. ఆటగాళ్లకు పేర్లు తీసేసి బిరుదులు తగిలించాను. ధర్మవరం జట్టులో ఒకాయన మగ్గంలో నాడెలా అటూ ఇటూ క్షణం నిలవకుండా తిరిగేవాడు, అతను "ధర్మవరం నాడె" అయ్యాడు. మా కాలేజీ జట్టులో వెనక నిలబడే బొద్దు మనిషి నిలబడ్డ చోటినుంచి కదిలేవాడు కాదు, అతను "హిందూపురం అచ్చుబెల్లం" అయ్యాడు (ఆ తర్వాత ఆయన నాతో ఏడాదిపాటు మాట్లాడలేదు). ఇక మా జట్టుకు ప్రాణం లాంటి సెంటర్ ఆటగాడు, పెనుకొండ నుంచి రోజూ పొద్దున రైలుకొచ్చే కుర్రాడు, నా కలానికి "పెనుకొండ సుడిగాలి"గా దొరికాడు. "పెనుకొండ సుడిగాలి వీచినంతనే ధర్మవరం నాడె తెగిన పోగువలె నిలిచిపోయెను" అని రాసినప్పుడు నా ఒళ్లు నాకే పులకరించింది. ఈసారి పత్రికాయన ఒక్క ముక్క కొయ్యకుండా అర కాలమ్ వేసి, పైన లావు అక్షరాల్లో నా పేరు పెట్టాడు. డ్రిల్ సారు మాత్రం పత్రికను రెండుసార్లు ముందుకీ వెనక్కీ తిప్పి, "అంతా బాగుండాది గానీ, ఇంతకీ ఎవురు గెలిచినారబ్బా?" అని అడిగాడు. చూసుకుంటే స్కోరు రాయడం మరిచిపోయాను.

దాంతో నాకొక సిద్ధాంతం ఏర్పడింది. పేర్లు రాస్తే జాబితా అవుతుంది, బిరుదులు రాస్తే సాహిత్యం అవుతుంది. ఈ సిద్ధాంతానికి ప్రెస్సులో ఒక గట్టి మద్దతుదారు కూడా దొరికాడు. కంపోజింగ్ చేసే ముసలాయన, మడకశిర వైపు మనిషి, సగం తెలుగు సగం కన్నడం మాట్లాడేవాడు, కంపోజిటర్ తాత అనేవాళ్లం. అప్పట్లో సీసపు అక్షరాలు ఒక్కొక్కటే ఏరి పేర్చాలి, అచ్చయ్యాక మళ్లీ ఒక్కొక్కటే విప్పి గళ్లలో వేయాలి. తాత కళ్లు అప్పటికే మసకబారాయి. మళ్లీమళ్లీ వచ్చే మాటల్ని ఆయన విప్పేవాడు కాదు, పురికొసతో కట్టి గూట్లో పెట్టేవాడు. "శుభం భూయాత్" ఒక కట్టు, "బంధుమిత్రుల అభినందనలతో" ఒక కట్టు. వాటి పక్కనే నా పేరు ఒక కట్టు, "పెనుకొండ సుడిగాలి" ఒక కట్టు చేరాయి. "పేర్లయితే వారం వారం ఏరాల అప్పా. ఇదయితే కట్టు తీసేది, పెట్టేది. ఇట్లే రాస్తాండు" అని నన్ను మెచ్చుకున్నాడు. ప్రపంచంలో నా శైలిని మనస్ఫూర్తిగా మెచ్చుకున్న మొదటి పాఠకుడు ఆయనే, అదీ ఏరే పని తప్పినందుకు.

సుడిగాలి సంగతి చెప్పాలి. వాళ్ల నాయన పెనుకొండ దగ్గర సున్నపు బట్టీలో కూలి. ఆ సున్నానికి ఆయన కళ్లు దెబ్బతింటున్నాయి. కొడుకు ఇంగ్లీషు పరీక్ష రెండుసార్లు తప్పి మూడోసారికి సిద్ధమవుతున్నాడు, మూడోసారి కూడా తప్పుతాడని అతనికీ తెలుసు, మాకూ తెలుసు. కానీ చేతిలో బ్యాటు ఉంటే ఆ మనిషే వేరు. నేల మీద మోకాళ్లు ఆన్చి లేపిన బంతి అవతలివాళ్ల గీత మీద పడేది. బెంగుళూరులో ఒక పెద్ద కార్ఖానా వాళ్లు ఆటగాళ్లను ఉద్యోగంలోకి తీసుకుంటారని, ఆ ఏడాది బాల్ బ్యాడ్మింటన్‌కు ఒక స్థానం ఖాళీ ఉందని డ్రిల్ సారు కనుక్కొచ్చాడు. ఆట చూపించాలి, దాంతోపాటు పేపర్లో పడిన కటింగులు చూపించాలి. అందుకని ఆ చలికాలమంతా సుడిగాలి నేను రాసింది అచ్చయిన ప్రతిసారీ ఆ ముక్కను కత్తిరించి, ఒక పాత లెక్కల నోటుబుక్కులో గంజితో అతికించుకునేవాడు. అతని ఉద్యోగం, వాళ్ల నాయన కళ్లు, ఇంట్లో పొయ్యి, అన్నీ ఆ నోటుబుక్కులో ఉన్నాయి. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసి కూడా నేను ప్రతివారం పొద్దు వాలడాన్ని గురించి రాస్తూ కూర్చున్నాను.

ఏడో కటింగు ధర్మవరం మ్యాచిది. ఆ రోజు మబ్బు పట్టి, మూడో గేములో తుంపర మొదలైంది. ఉన్ని బంతి తడిసి బరువెక్కింది. కొడితే సగం దూరమే పోతోంది. రెండు జట్లూ ఇరవై ఏడు దగ్గర ఆగాయి. సుడిగాలి తడిమట్టిలో జారి, పడ్డ చోటినుంచే ఒక బంతిని వెనక్కి పంపాడు. చుట్టూ ఉన్న ధర్మవరం వాళ్లే, తమ జట్టు ఓడిపోతోందని తెలిసీ, చప్పట్లు కొట్టారు. మేం ఇరవై తొమ్మిది, ఇరవై ఏడుతో గెలిచాం. అవతలి ధర్మవరం నాడె వచ్చి సుడిగాలి చెయ్యి పట్టుకుని వదల్లేదు. నేను మాత్రం ఒక గొడుగు కింద నిలబడి, మబ్బుకూ ఉన్నికీ ప్రాస కుదురుతుందా అని ఆలోచిస్తున్నాను.

బెంగుళూరుకు పోయే ముందు రోజు సుడిగాలి హాస్టల్‌కి వచ్చాడు. నోటుబుక్కు తెరిచి నా మంచం మీద పెట్టి, ఒక్కొక్క కటింగు మీద వేలు పెట్టి చూపించాడు. అడగాలా వద్దా అని తటపటాయిస్తూ, "ఏమనుకోవద్దప్పా. దీంట్లో నా పేరు యాడుండాది?" అన్నాడు.

"ఇదిగో, పెనుకొండ సుడిగాలి అని ఇంత లావున ఉంటే పేరు యాడుండాదంటావేమి?"

"అదిగాదప్పా. నా పేరు. మా నాయన పెట్టింది."

నేను నవ్వాను. ఆ నవ్వు నాకు ఇప్పటికీ గుర్తుంది, గుర్తులేకపోతే బాగుండేది. "నువ్వెవరో తెలీనోడు ఎవడున్నాడు? హిందూపురంలో హోటల్లో కూర్చుంటే సుడిగాలి వచ్చినాడంటారు. పెనుకొండలో రైలు దిగితే అదే అంటారు. ధర్మవరంలో సరేసరి. పేరుదేముంది, ఎవరికైనా ఉంటాది. బిరుదు ఎంతమందికి ఉంటాది?" అన్నాను. చదువుకున్నవాడు చెప్తున్నాడు గదా అని అతను నమ్మాడు. నోటుబుక్కును చొక్కా లోపల పెట్టుకుని వెళ్లిపోయాడు. నేను అన్నది అబద్ధమూ కాదు. ఆ మూడు ఊళ్లలో అతన్ని ఎరగనివాడు లేడు. ఆ మూడు ఊళ్ల అవతల కూడా ప్రపంచం ఉంటుందని నాకు తట్టలేదు, అంతే.

మర్నాడు సాయంత్రం బెంగుళూరు నుంచి తిరిగొచ్చే రైలుకు నేను హిందూపురం స్టేషన్‌లో నిలబడ్డాను. అతను వెళ్లేది పెనుకొండకే అయినా, దారిలో నన్ను చూడాలని దిగాడు. ముఖంలో కోపం లేదు. కోపం ఉండి ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది. ప్లాట్‌ఫారం మీద బెంచీలో కూర్చుని జరిగింది చెప్పాడు.

"ఆట బాగానే ఆడినాప్పా. ముగ్గురి మీద ఆడిచ్చినారు, ముగ్గుర్నీ గెలిచినా. ఆఫీసరు మంచోడే. కన్నడమాయన. కటింగులు తెమ్మన్యాడు, ఇచ్చినా. తెలుగు అక్షరాలు కన్నడం మాదిరే ఉంటాయి గదా, కూడబలుక్కుంటా చదివినాడు. ఏడు కాయితాలూ చదివినాడప్పా, ఒక్కటి ఇడ్సలా. చదివి, 'ఈ సుడిగాలి యారప్పా' అన్యాడు. నేనే సార్ అన్యా. 'హెసరు ఎల్లి' అన్యాడు. పేరు యాడుండాదని."

"నువ్వేం చెప్పినావు?"

"మా ఊర్లో అందరికీ తెలుసు సార్ అన్యా." అతను చొక్కా లోపలినుంచి నోటుబుక్కు తీశాడు. "ఆయప్ప మళ్లా మొదట్నుంచీ ఎతికినాడు. ఎతికి, ఏడిట్లోనూ పైన లావుగా ఉండే నీ పేరు మీద ఏలు పెట్టి, 'ఇది నీ పేరా' అన్యాడు. కాదు సార్, అది రాసినోడిది అన్యా. 'అట్లయితే ఆటాడింది ఆయప్పేనేమో, ఆయప్పనే పంపించు' అని నవ్వినాడు. పక్కనుండేవాళ్లు గూడా నవ్వినారు. పేరుండే కాయితం ఏదైనా తెస్తే పదైదు దినాలు చూస్తామన్యారు."

నవ్వించడం నా వృత్తి అవుతుందని అప్పట్లో నాకు కలలుండేవి. నా రాతకు మొట్టమొదట నవ్వింది ఆ గదిలోవాళ్లే. ఏడు కటింగుల్లోనూ ఉన్న ఒకే ఒక్క మనిషి పేరు, తడిసిన బంతిని గొడుగు కిందనుంచి చూసిన నాది. ఆ బెంచీ మీద నాకు ఏడుపొచ్చింది. అతనే నా భుజం మీద చెయ్యేసి, "ఊరుకోప్పా, పదైదు దినాలుండాది గదా" అన్నాడు.

నేను పరుగున ప్రెస్సుకు పోయాను. "ఇంతవరకు మా పత్రికలో పెనుకొండ సుడిగాలి అని రాసినది ఫలానా అతని గురించే" అని నాలుగు లైన్ల ప్రకటన రాసి పత్రికాయన ముందు పెట్టాను. నా జీవితంలో నేను రాసిన మంచి వాక్యం అదే. ఆయన చదివి, "ఏస్తాలేబ్బా" అన్నాడు. కంపోజిటర్ తాత గూట్లోనుంచి "పెనుకొండ సుడిగాలి" కట్టు తీసి, పురికొస విప్పి, ఆ సీసపు అక్షరాలు ఒక్కొక్కటే గళ్లలో వేశాడు. తర్వాత కళ్లు దగ్గరగా పెట్టుకుని, అతని అసలు పేరు మొదటిసారి ఏరి పేర్చాడు. అది అయ్యాక గూట్లో మిగిలిన కట్టు వైపు చూపించి, "నీ పేరు గూడా విప్పేదాప్పా, ఉంచేదా?" అని అడిగాడు. నేను ఆ నాలుగు లైన్లలో తప్పులు వెతుకుతున్నట్టు తల వంచుకున్నాను. ఆయనకు అర్థమయింది. నా కట్టును జాగ్రత్తగా "శుభం భూయాత్" పక్కన సర్దాడు.

అవి ముహూర్తాల రోజులు. ఆ వారం మిషను ఖాళీ లేదు, శుభలేఖలు కట్టలు కట్టలుగా పడుతున్నాయి. పత్రిక రాలేదు. రెండో వారం కూడా రాలేదు. నేను పొద్దునా సాయంత్రం పోయి నిలబడేవాడిని. పత్రికాయన, "పెండ్లి ఆగుతుందేమప్పా నీ ఆట కోసరం" అనేవాడు. ఆయన తప్పేమీ లేదు, శుభలేఖలతోనే ఆయన ఇల్లు గడిచేది. ఇంకొన్నాళ్లు ఆగమని డ్రిల్ సారు కాలేజీ కాగితం మీద కార్ఖానాకు ఒక ఉత్తరం రాసి పంపాడు, జవాబు రాలేదు. మూడో వారం పత్రిక వచ్చింది, నాలుగో పేజీలో, వేరుశనగ ధరల కింద, సన్న అక్షరాల్లో అతని పేరు కనిపించింది. దాన్ని తీసుకుని ఇద్దరం బెంగుళూరు పోయాం. ఆ స్థానంలో అంతకు మూడు రోజుల ముందే మరొకర్ని తీసుకున్నారు. ఆ ఆఫీసరు మమ్మల్ని కూర్చోబెట్టి కాఫీ తెప్పించాడు. ఆ కాఫీ ఇద్దరం తాగలేకపోయాం.

ఆ తర్వాత సుడిగాలి ఇంగ్లీషు మూడోసారి తప్పాడు. వాళ్ల నాయనకు చూపు పూర్తిగా పోయింది. చివరికి అతనికి పని ఇచ్చింది ఎవరంటే, ఆ ధర్మవరం నాడె. వాళ్లకు మగ్గాలుండేవి, పట్టునూలుకు రంగులద్దే పనిలో పెట్టుకున్నాడు. నేను డిగ్రీ అయ్యాక బడిపంతులునై, గోరంట్ల, బుక్కపట్నం, మళ్లీ గోరంట్ల అని బదిలీల మీద తిరిగాను. ఆటల గురించి మళ్లీ రాయలేదు. ఇంకేవేవో రాశాను. వాటన్నిటి పైనా నా పేరు ఉంది.

రిటైరయిన తర్వాత ఒకసారి ధర్మవరంలో రైలు మారాల్సి వచ్చి, మూడు గంటల టైముంటే, అడుగుతూ అడుగుతూ అతని ఇంటికి పోయాను. నిజానికి అతని అసలు పేరు చెప్పి అడిగితే ఎవరికీ తెలియలేదు. సుడిగాలి అనగానే ముగ్గురు దారి చూపించారు. వాకిట్లో నన్ను చూసి గుర్తుపట్టి, నవ్వి, చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. ఎంత తుడిచినా అరచేతుల్లో పసుపు రంగు పోవడం లేదు, ఆ బంతి రంగే. మనవరాలు లోపల్నుంచి నోటుబుక్కు తెచ్చింది. ఏడు కటింగులూ ఎండుటాకుల్లా ఉన్నాయి. ఎనిమిదోది, సన్న అక్షరాలది, ఎప్పుడో గంజి ఊడి పోయిందట.

"ఇదంతా నేనే అని చెప్తే ఈ పిల్ల నమ్మదప్పా" అన్నాడు. "సుడిగాలి అంటే ఎవురైనా కావచ్చు తాతా అంటాది. నువ్వయినా చెప్పు."

నేను చెప్పాను. ఆ పిల్ల నన్ను పైనుంచి కిందికి చూసి, "అట్లయితే అప్పుడే రాసింటే సరిపోయేది గదా" అంది. యాభై ఏళ్లుగా నేను వెతుక్కుంటున్న వాక్యం అది. నలభై ఏళ్లు పిల్లల ఎస్సేలు దిద్దినవాడిని, నా ఎస్సేను ఆ పిల్ల ఒక్క గీతతో కొట్టేసింది. నాకు నవ్వొచ్చింది. గొడుగు కింద ప్రాసలు వెతుక్కుంటున్న ఆ సన్నపాటి కుర్రాడు కనిపించాడు. కొట్టాలనిపించింది, కొంచెం జాలి కూడా వేసింది.

పత్రికాయన లేడు, కంపోజిటర్ తాత లేడు, నా పేరు కట్టు ఏ సీసంలో కరిగిపోయిందో తెలియదు. అందుకని ఆ వార్తను ఇక్కడ మళ్లీ రాస్తున్నాను. ఆ పిల్ల దీన్ని కత్తిరించి అతికించుకోవచ్చు.

ధర్మవరంలో జరిగిన బాల్ బ్యాడ్మింటన్ పోటీలో హిందూపురం కాలేజీ జట్టు మూడో గేములో 29–27 స్కోరుతో ధర్మవరం జట్టుపై గెలిచింది. తుంపరలో, తడిసిన బంతితో గెలిపించినవాడు సెంటర్ ఆటగాడు కె. గంగులప్ప, పెనుకొండ. రాసినవాడి పేరు అక్కర్లేదు.